బీడీఎల్‌లోనా, డీఆర్‌డీవోలోనా, ప్రైవేటులోనా? క్షిపణుల రంగంలో ఉద్యోగం చూసుకునే వాళ్లకు

హైదరాబాద్‌లో సంతోష్‌నగర్ దాటి కంచన్‌బాగ్ వైపు వెళితే ఎత్తైన గోడలు, వాటి మీద ముళ్ల కంచెలు కనిపిస్తాయి. ఒక గోడ వెనక డీఆర్‌డీవో వాళ్ల ల్యాబు డీఆర్‌డీఎల్, ఇంకో గోడ వెనక భారత్ డైనమిక్స్, ఆ పక్కనే లోహాలు తయారుచేసే మిధాని. బయటివాళ్లకు అన్నీ ఒకటే, "డిఫెన్స్ వాళ్లు" అనేస్తారు. నేను ఆ చుట్టుపక్కలే పెరిగాను. మా కాలనీలో ప్రతి రెండో ఇంట్లో వీటిలో పనిచేసే మనిషి ఉండేవాడు. అందుకని ఇప్పటికీ తెలిసినవాళ్లు ఫోన్ చేసి, "మా అబ్బాయి బీటెక్ అయిపోయింది, బీడీఎల్ మంచిదా, డీఆర్‌డీవో మంచిదా?" అని అడుగుతుంటారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెబితే సరిపోవడం లేదు. అందుకే ఇలా వివరంగా రాస్తున్నాను.

ముందు తెలుసుకోవాల్సింది ఒక్కటే. ఈ రెండు చోట్లా జరిగే పని ఒకటి కాదు. డీఆర్‌డీవో ప్రభుత్వ పరిశోధన సంస్థ. అక్కడ క్షిపణిని కనిపెడతారు, పరీక్షిస్తారు, పనిచేస్తుందని నిరూపిస్తారు. భారత్ డైనమిక్స్, అంటే బీడీఎల్, రక్షణ శాఖ కింద ఉన్న కంపెనీ. నిరూపించిన ఆ క్షిపణిని వందల్లో, వేలల్లో తయారుచేసి సైన్యానికి అప్పగిస్తుంది. జీతం, పెన్షన్, సెలవులు అన్నీ తర్వాత చూద్దాం. మీకు కొత్తది తయారుచేయడం ఇష్టమా, ఒకే వస్తువును తప్పు లేకుండా వెయ్యిసార్లు తయారుచేయడం ఇష్టమా? ఎంపిక అక్కడే మొదలవుతుంది.

గాల్లో వచ్చేవాటిని నేల మీద నుంచి కూల్చే ఆకాశ్ క్షిపణి కథ చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. కలాం గారు 1982లో డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా వచ్చారు. మరుసటి ఏడాది, 1983లో, పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ అనే ఐదు క్షిపణుల పథకం మొదలైంది. పృథ్వి 1988లో, అగ్ని 1989లో ఎగిరాయి. ఆకాశ్ మొదటిసారి 1990లో ఎగిరింది, కానీ సైన్యం చేతికి లాంఛనంగా అందింది 2015లో. అంటే 1983లో పాతికేళ్ల వయసులో ఆ పనిలో చేరిన ఇంజనీరుకు అప్పటికి దాదాపు అరవై. తర్వాత బీడీఎల్ వంతు. మెరుగుపరిచిన ఆకాశ్ రెండు రెజిమెంట్ల కోసం 2023 మార్చిలో రక్షణ శాఖ బీడీఎల్‌తో 8,160 కోట్ల రూపాయల పైన ఒప్పందం చేసుకుంది. 2025 మే నెలలో సరిహద్దులో డ్రోన్లు వచ్చినప్పుడు ఆకాశ్ పేరు ఇంటింటా వినిపించింది. ఆ రోజు మా కాలనీలో రిటైరైన పెద్దాయనలు టీవీ ముందు నుంచి లేవలేదు. డిజైన్ చేసినవాళ్లకు ఎంత గర్వంగా ఉందో, నట్టు బిగించినవాళ్లకూ అంతే గర్వంగా ఉంది.

అన్ని ప్రాజెక్టులూ ఆకాశ్‌లా ముగియవు, ఆ సంగతి కూడా తెలిసి చేరాలి. అదే పథకంలోని త్రిశూల్‌ను 2008లో ఆపేశారు. నాగ్ తుది ప్రయోగ పరీక్ష పోఖ్రాన్‌లో 2020 అక్టోబరులో జరిగింది, మొదలైన ముప్పై ఏడేళ్లకు. మీరు పదేళ్లు కష్టపడింది సైన్యం దాకా చేరకపోవచ్చు. అందులో నేర్చుకున్నది ఇంకో క్షిపణిలో పనికొస్తుంది, నిజమే. కానీ ఆ ఓపిక అందరికీ ఉండదు. ఉందో లేదో ఎవరికివారే తేల్చుకోవాలి.

డీఆర్‌డీవో అంటే ఏ ల్యాబు?

డీఆర్‌డీవోకు దేశమంతా ల్యాబులున్నాయి. హైదరాబాద్‌లో క్షిపణుల పని ముఖ్యంగా మూడింటిలో జరుగుతుంది. ఈ మూడింటినీ కలిపి 2015 నుంచి డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం మిస్సైల్ కాంప్లెక్స్ అంటున్నారు. డీఆర్‌డీఎల్‌లో మొత్తం క్షిపణి రూపకల్పన జరుగుతుంది. ఆకాశ్, నాగ్, అస్త్ర అన్నీ అక్కడివే. ఆర్‌సీఐ అంటే క్షిపణికి మెదడు, కళ్లు: దారి చూపే నావిగేషన్, లక్ష్యాన్ని పసిగట్టే సీకర్, లోపలి కంప్యూటర్లు. ఏఎస్‌ఎల్ అగ్ని వంశానికి పుట్టిల్లు. దూరం వెళ్లే క్షిపణుల మోటార్లు, కాంపోజిట్ పదార్థాల పని అక్కడ జరుగుతుంది. అగ్ని ప్రాజెక్టులను నడిపించిన టెస్సీ థామస్ గారు పనిచేసింది అక్కడే. నెల్లూరు జిల్లా నుంచి వచ్చి ఆర్‌సీఐ డైరెక్టర్‌గా, ఆ తర్వాత 2018 నుంచి 2022 దాకా డీఆర్‌డీవో ఛైర్మన్‌గా పనిచేసిన సతీశ్ రెడ్డి గారు మన తెలుగువాళ్లకు తెలిసిన పేరే.

ఈసీఈ, సీఎస్‌ఈ పిల్లలకు ఆర్‌సీఐలో పని ఎక్కువ. మెకానికల్, ఏరోస్పేస్ వాళ్లకు డీఆర్‌డీఎల్, ఏఎస్‌ఎల్ బాగుంటాయి. మెటలర్జీ చదివినవాళ్లు ఇవన్నీ వదిలి లోహాల మీద పరిశోధన చేసే డీఆర్‌డీవో ల్యాబు డీఎంఆర్‌ఎల్ వైపు, లేదా ప్రత్యేక ఉక్కు, టైటానియం తయారుచేసే మిధాని వైపు చూడాలని నా గట్టి అభిప్రాయం. మెటలర్జీ చదివి క్షిపణి డిజైన్ కోసం పోటీపడడం, ఇంట్లో బావి పెట్టుకుని ఊరి చెరువుకు బిందె పట్టుకెళ్లడమే.

చేరే దారి: బీటెక్ వాళ్లు సైంటిస్ట్-బీ పోస్టుకు ఆర్ఏసీ, అంటే డీఆర్‌డీవో సైంటిస్టులను ఎంపిక చేసే విభాగం, ఇచ్చే ప్రకటన కోసం చూడాలి. ఇంజనీరింగ్ వాళ్లు రాసే గేట్ పరీక్ష స్కోరుతో వడపోసి ఇంటర్వ్యూకు పిలుస్తారు. కాబట్టి గేట్ రాయకుండా ఈ దారిలో ముందుకు వెళ్లలేరు. డిప్లొమా, బీఎస్సీ వాళ్లకు డీఆర్‌డీవో పెట్టే సెప్టామ్ పరీక్ష ద్వారా ఎస్‌టీఏ-బీ (సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్) పోస్టులు, ఐటీఐ వాళ్లకు టెక్నీషియన్-ఏ పోస్టులు ఉంటాయి. ఎంపికైతే పోస్టింగ్ హైదరాబాద్‌లోనే వస్తుందని గ్యారంటీ లేదు. ఒడిశాలోని చాందీపూర్, అస్సాంలోని తేజ్‌పూర్, ఆఖరికి లేహ్‌లో కూడా డీఆర్‌డీవో ల్యాబులున్నాయి. హైదరాబాద్‌లో వచ్చినా పరీక్షల కోసం నెలకు ఇన్ని రోజులని ఒడిశా తీరంలో గడపాల్సి రావచ్చు. వాన వస్తే, గాలి మారితే, ఒక సెన్సార్ సరిగా పలకకపోతే ప్రయోగం వాయిదా పడుతుంది. ఇంట్లో పిల్ల పుట్టినరోజు మాత్రం వాయిదా పడదు.

బీడీఎల్‌లో రోజు ఎలా గడుస్తుంది?

బీడీఎల్ 1970 జూలైలో మొదలైంది. మొదట ఫ్రాన్స్ సాయంతో ట్యాంకులను కొట్టే చిన్న క్షిపణి తయారుచేసింది. తర్వాత మిలాన్, రష్యా నుంచి వచ్చిన కాంకర్స్, ఇన్వార్, ఆ తర్వాత మన ఆకాశ్, ఇజ్రాయెల్‌తో కలిసి రూపొందించిన మధ్యశ్రేణి ఎంఆర్‌శామ్, యుద్ధవిమానం నుంచి వదిలే అస్త్ర, నౌకాదళానికి వరుణాస్త్ర టార్పిడో. అస్త్ర మార్క్-1 కోసమే 2022 మే నెలలో 2,971 కోట్ల ఒప్పందం కుదిరింది. కంచన్‌బాగ్‌తో పాటు సంగారెడ్డి జిల్లా భానూరులో, విశాఖపట్నంలో యూనిట్లు ఉన్నాయి. ఇబ్రహీంపట్నంలో విస్తరిస్తోంది. మహారాష్ట్రలోని అమరావతిలో, ఉత్తరప్రదేశ్‌లోని ఝాన్సీలో కూడా కొత్త యూనిట్ల పని చేపట్టింది. సొంత ఊరికి దగ్గరగా ఉండాలనుకునే తెలుగువాళ్లకు ఇది చిన్న విషయం కాదు. డీఆర్‌డీవోతో పోలిస్తే ఇక్కడ ఇంటిపట్టున ఉండే అవకాశం చాలా ఎక్కువ. దరఖాస్తు పెట్టే ముందు అమరావతి అంటే మన అమరావతి అనుకోకండి, అంతే.

పని మాటకొస్తే, తయారీ షాపులోకి వచ్చిన ప్రతి భాగాన్నీ కొలవడం, జోడించడం, పరీక్షించడం, కాగితంలో రాయడం. ఏ బోల్టును ఎంత బలంతో బిగించారో, ఎవరు బిగించారో, ఎవరు చూశారో సంతకాలతో సహా ఉండాలి. మీరు చూసింది సైన్యం తరఫున నాణ్యత చూసే అధికారులు మళ్లీ చూస్తారు. ఒక సంతకం తక్కువైతే క్షిపణి గేటు దాటదు. కొందరికి ఇది విసుగు. నాకు మాత్రం ఇందులో గొప్ప క్రమశిక్షణ కనిపిస్తుంది. పదేళ్లు పెట్టెలో పడుకున్న క్షిపణి, ఒక సైనికుడు బటన్ నొక్కిన క్షణంలో పనిచేయాలి. అప్పుడు దాన్ని తెరిచి సరిచూసే టైమ్ ఉండదు. ఆ క్షణాన్ని తలుచుకుని పనిచేసే మనుషులు కావాలి. తయారీ అంటే డిజైన్ కంటే తక్కువ అని చూసే అలవాటు మన ఇళ్లలో ఉంది. దాన్ని నేను ఒప్పుకోను. డ్రాయింగ్‌ల మీద ఎంత గొప్ప క్షిపణి ఉన్నా, ఐదువందలోది కూడా మొదటిదానిలాగే పనిచేసేలా చేయడం వేరే విద్య.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒక భాగం విదేశం నుంచి ఆలస్యమైతే లైన్ మొత్తం దాని కోసం చూస్తుంది. ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి దగ్గరపడితే టెన్షన్ పెరుగుతుంది. కంపెనీ 2018 మార్చిలో షేర్ మార్కెట్‌కు వచ్చింది. దాదాపు డెబ్బై ఐదు శాతం వాటా ఇంకా ప్రభుత్వానిదే. అయినా ప్రతి మూడు నెలలకూ లెక్కలు బయటపెట్టాలి కాబట్టి ఆ ఒత్తిడి షాపు ఫ్లోర్ దాకా వస్తుంది. చేతిలో ఆర్డర్లు మాత్రం 20,000 కోట్లు దాటాయి. పని లేక ఖాళీగా కూర్చునే రోజులు దగ్గర్లో లేవు. అయితే ఒకప్పటిలా "క్షిపణి అంటే బీడీఎల్‌కే" అనే రోజులు కూడా పోయాయి. ఇప్పుడు డీఆర్‌డీవో అభివృద్ధి దశ నుంచే ప్రైవేటు కంపెనీలను భాగస్వాములుగా తీసుకుంటోంది. చేరేవాళ్లు ఇది గుర్తుంచుకుని, కొత్త పని నేర్చుకునే విభాగం అడగడం మంచిది.

మేనేజ్‌మెంట్ ట్రైనీ పోస్టులకు బీడీఎల్ సొంతంగా ఆన్‌లైన్ పరీక్ష, ఇంటర్వ్యూ పెడుతుంది. గేట్ బాగా రాయలేకపోయినవాళ్లకు ఇదొక దారి. కాకపోతే ప్రకటన ప్రతి ఏడాదీ రాదు, వచ్చినా పోస్టులు పదుల్లోనే. దీని కోసమే కూర్చోవద్దు.

ప్రాజెక్ట్ ఇంజనీరు, ప్రాజెక్ట్ అసిస్టెంట్ అనే కాంట్రాక్టు పోస్టుల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. ఇవి నిర్ణీత కాలానికి ఇచ్చేవి. బీడీఎల్ ఇటీవలి ప్రకటనల్లో ప్రాజెక్ట్ ఇంజనీరుకు మొదటి ఏడాది నెలకు 30,000 ఇచ్చి, ఏటా కొంత పెంచుతూ గరిష్ఠంగా నాలుగేళ్లు పొడిగిస్తామన్నారు. పర్మనెంట్ చేస్తామని ఎక్కడా రాయలేదు. "లోపలికి వెళితే చాలు, తర్వాత వాళ్లే ఉంచుకుంటారు" అని నమ్మి పరీక్షలు మానేసిన పిల్లలను చూశాను, ఇరవై తొమ్మిదేళ్లు వచ్చాక వయోపరిమితి దాటి బాధపడడం చూశాను. చేరండి, పని నేర్చుకోండి, కానీ గేట్, ఇస్రో, రాష్ట్ర ప్రభుత్వ అసిస్టెంట్ ఇంజనీరు పరీక్షల పుస్తకాలు అటక మీద పెట్టకండి.

జీతం లెక్క

సైంటిస్ట్-బీకి ఏడో వేతన సంఘం ప్రకారం లెవెల్ 10, మూల వేతనం 56,100. ఎస్‌టీఏ-బీకి 35,400, టెక్నీషియన్-ఏకు 19,900. బీడీఎల్ ట్రైనీకి ఈ-2 స్కేలు, 40,000 నుంచి 1,40,000. మూల వేతనం పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చాలా పెద్దదిగా కనిపిస్తుంది. కానీ బీడీఎల్‌లో దాని మీద అలవెన్సులు విడిగా ఉంటాయి, కంపెనీ లాభం బాగుంటే పనితీరును బట్టి వచ్చే సొమ్ము ఉంటుంది. కరువు భత్యం కంపెనీలో మూడు నెలలకోసారి మారుతుంది, ప్రభుత్వంలో ఆరు నెలలకోసారి. మొదటి ఏళ్లలో చేతికి వచ్చేది డీఆర్‌డీవోలోనే ఎక్కువ.

నా దృష్టిలో అసలు తేడా ప్రమోషన్లలో ఉంది. డీఆర్‌డీవో సైంటిస్టులకు పైన ఖాళీ లేకపోయినా, నిర్ణీత ఏళ్లు నిండాక ఇంటర్వ్యూలో నెగ్గితే పై హోదా వస్తుంది. పైగా ఉద్యోగం చేస్తూనే ఎంటెక్, పీహెచ్‌డీ చేసే వీలుంది. చదువు మీద ప్రేమ ఉన్నవాళ్లు దీని కోసమైనా డీఆర్‌డీవోను ఎంచుకోవాలి. కంపెనీలో ప్రమోషన్ ఖాళీలను, విభాగాన్ని బట్టి ఉంటుంది. పెన్షన్ విషయంలో డీఆర్‌డీవో వాళ్లు కేంద్ర ఉద్యోగులు, జాతీయ పెన్షన్ పథకం ఎన్‌పీఎస్ కింద ఉంటారు, 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పెన్షన్ పథకం యూపీఎస్ ఎంచుకునే వీలూ వచ్చింది. బీడీఎల్‌లో పీఎఫ్, గ్రాట్యుటీ, కంపెనీ సొంత ఏర్పాట్లు.

ఐటీఐ, డిప్లొమా పిల్లలకు

ఇక్కడ నాకు ఏ సందేహమూ లేదు. ముందు బీడీఎల్ అప్రెంటిస్‌షిప్ చూడండి. ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్, వెల్డర్ ట్రేడుల్లో కంచన్‌బాగ్, భానూరు యూనిట్లకు ప్రకటనలు వస్తుంటాయి. పదో తరగతి, ఐటీఐ మార్కులతో ఎంపిక జరుగుతుంది. అప్రెంటిస్‌షిప్ అయ్యాక ఉద్యోగం ఇస్తారని హామీ లేదు. కానీ మైక్రాన్లలో కొలిచే చోట ఏడాది పనిచేసిన ఫిట్టర్‌ను బాలానగర్, ఆదిభట్ల, చర్లపల్లిలో ఏ మంచి కంపెనీ అయినా గౌరవంగా తీసుకుంటుంది. మా నాన్నగారు ఫిట్టర్. ఒక ముక్కను వెర్నియర్‌తో కొలిచి, "ఇది పోదు" అని పక్కన పెట్టేవారు. నేను ఇంజనీరింగ్ చదివాక కూడా ఆ ముక్కలో తప్పేంటో నా కంటికి కనిపించేది కాదు. ఆ చేతివిద్యకు ఇంకా విలువ ఉంది, ఇంకా పెరుగుతుంది కూడా.

సెప్టామ్ టెక్నీషియన్ పరీక్ష కూడా రాయండి. దేశమంతటి పోటీ కాబట్టి అదొక్కటే నమ్ముకోవద్దు.

ప్రైవేటు, బ్రహ్మోస్, ఇస్రో

హైదరాబాద్ చుట్టూ క్షిపణి భాగాలు చేసే ప్రైవేటు కంపెనీలు చాలా ఉన్నాయి: వెమ్ టెక్నాలజీస్, ఎంటార్, అనంత్ టెక్నాలజీస్, ఆస్ట్రా మైక్రోవేవ్, కల్యాణి రఫాయెల్. ఘన ఇంధనం చేసేవీ ఉన్నాయి. రాకెట్లే కావాలంటే 2022 నవంబరులో విక్రమ్-ఎస్ ఎగరేసిన స్కైరూట్ ఉంది. ప్రైవేటులో మొదటి రెండేళ్లలో నేర్చుకునేది ప్రభుత్వంలో ఐదేళ్లకు రావచ్చు. మనుషులు తక్కువ, పని ఎక్కువ, అన్నీ మీ చేతి మీదుగా వెళతాయి. జీతం కంపెనీని బట్టి చాలా తేడాగా ఉంటుంది, శనివారాలు పోతాయి. పేలుడు పదార్థాలతో పని అయితే చేరే ముందు భద్రతా శిక్షణ ఎన్ని రోజులు ఇస్తారో, బీమా ఎంతో తప్పక అడగండి. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు. సమాధానం చెప్పకుండా దాటవేస్తే ఆ ఉద్యోగం వద్దు.

బ్రహ్మోస్ ఏరోస్పేస్ వేరే రకం. 1998లో భారత్, రష్యా కలిసి పెట్టిన కంపెనీ, 50.5 శాతం మనది. హైదరాబాద్‌లో క్షిపణులను జోడించే కేంద్రం ఉంది. ఫిలిప్పీన్స్‌కు అమ్మాక దాని పేరు బాగా పెరిగింది. పోస్టులు కొద్దిగానే ఉంటాయి. వస్తే వదలొద్దు. ఇస్రో దారి వేరు, పరీక్ష వేరు. శ్రీహరికోట మన నెల్లూరు పక్కనే కదా అని రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

ఇంట్లో ముందే మాట్లాడుకోవాల్సినవి

ఫోన్ గేటు దగ్గరే వదిలేయాలి. ఏం పనిచేస్తున్నారో పెళ్లిలో చుట్టాలకు చెప్పకూడదు. విదేశం వెళ్లాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. అన్నయ్య డల్లాస్‌లో ఉన్నాడు, ఏటా వెళ్లి రావాలి, రెండేళ్ల తర్వాత ఎంఎస్‌కు పోవాలి అనుకునేవాళ్లు దీని గురించి ఉద్యోగంలో చేరకముందే ఆలోచించాలి. 2022లో డీఆర్‌డీవో ల్యాబులో పనిచేసే ఒక కాంట్రాక్టు ఇంజనీరును రాచకొండ పోలీసులు అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో పరిచయమైన మహిళ విదేశీ పత్రికలో పనిచేస్తున్నానని నమ్మించి సమాచారం రాబట్టిందని పోలీసులు చెప్పారు. పర్మనెంటా, కాంట్రాక్టా అన్నది చట్టం చూడదు. తెలియని వాళ్ల నుంచి వచ్చే ఫ్రెండ్ రిక్వెస్టులను ఈ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు.

ఇంకో మాట, బ్రోకర్ల గురించి. మా కాలనీలో ఒకాయన కొడుకు ఉద్యోగం కోసం ఒక మధ్యవర్తికి రెండు లక్షలు ఇచ్చాడు. దొంగ ఆఫర్ లెటర్ పట్టుకుని గేటు దాకా వెళ్లి, సెక్యూరిటీ వాళ్లు తిప్పి పంపేదాకా ఆయనకు తెలియలేదు. డబ్బు కంటే ఆ రోజు ఆ పిల్లాడి ముఖం నాకు ఎక్కువ గుర్తుంది. ఈ సంస్థల్లో డబ్బు ఇస్తే వచ్చే ఉద్యోగం లేదు.

నా సలహా ఇది. గేట్‌లో మంచి స్కోరు, ఊరు మారడానికి సిద్ధం, ఒకే సమస్య మీద ఏళ్లు కూర్చోగల ఓపిక: ఇవి ఉంటే డీఆర్‌డీవో. తయారీ అంటే ఇష్టం, సొంత రాష్ట్రంలో స్థిరపడాలి అంటే బీడీఎల్. రెండూ ఇప్పుడు అందకపోతే రెండేళ్లు మంచి ప్రైవేటు కంపెనీలో చేరి, రాత్రిపూట చదివి మళ్లీ రాయండి. ఖాళీగా ఇంట్లో కూర్చుని కోచింగ్ మాత్రమే తీసుకోవడం కంటే ఇదే మేలు, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి పని ఉంటుంది.

గేట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు చివర్లో మొదలవుతాయి. అప్రెంటిస్‌షిప్‌కు ప్రభుత్వ పోర్టల్‌లో ముందే పేరు నమోదు చేసుకోండి, ప్రకటన వచ్చాక తొందరపడితే సర్వర్ సహకరించదు. అన్నిటికంటే ముందు, ఈ వారంలోనే పదో తరగతి మెమో, ఆధార్, డిగ్రీ పక్కపక్కన పెట్టి పేరు చూసుకోండి. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, పాన్‌లో చివర ఉండడం మన తెలుగువాళ్లలో మామూలే. ఇక్కడ పోలీసు వెరిఫికేషన్ గట్టిగా జరుగుతుంది. ఎంపికైన తర్వాత పేరు సరిచేయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగే కంటే, ఇప్పుడే మీసేవకు వెళ్లి సరిచేయించుకోండి.